స్కూటీ ఉంటే టైముకి వచ్చేదాన్ని: ఇఫ్ వాక్యాల దగ్గర ఆగిపోయిన ఒక డీఎస్సీ అభ్యర్థి కేసు

శ్రీకాకుళంలో సాయంత్రం బ్యాచ్‌లకు ఇంగ్లిష్ గ్రామర్ చెబుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది డీఎస్సీకో, గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో చదువుతున్నవాళ్లు. కండిషనల్ సెంటెన్సెస్, అంటే ఇఫ్‌తో వచ్చే షరతు వాక్యాల పాఠం మొదలుపెడితే చాలు, సగం మంది పుస్తకం మూసేస్తారు. "ఇది వచ్చు మాస్టారూ" అంటారు. నిజమే, పట్టిక అందరికీ వచ్చు. టైప్ జీరో నుంచి టైప్ త్రీ దాకా (జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అనేవీ ఇవే) ఇఫ్ పక్కన ఏ టెన్స్ రావాలో, రెండో భాగంలో ఏం రావాలో గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం నాలుగూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

ఇలాంటివాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కిందటి బ్యాచ్‌లో ఒక అమ్మాయి దగ్గర దీని కారణం బాగా బయటపడింది. తను తప్పు రాసినప్పుడల్లా ఎందుకలా రాసిందో చెప్పగలిగేది. అందుకే ఆ కేసు రాస్తున్నాను. పేరు, ఊరు అక్కర్లేదు.

అభ్యర్థి, మొదటి పరీక్ష

ఉద్దానం అమ్మాయి. కొబ్బరి రైతుల ఇల్లు. పదో తరగతి వరకు తెలుగు మీడియం, తర్వాత డిగ్రీ, డీఎడ్. ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టు కోసం చదువుతూ టౌన్‌లో హాస్టల్‌లో ఉండేది. గ్రామర్ బిట్స్‌లో మంచి మార్కులే వచ్చేవి. "ఇఫ్ హి హ్యాడ్ వర్క్‌డ్ హార్డ్" అని ఇచ్చి నాలుగు ఆప్షన్లు పెడితే "హి వుడ్ హ్యావ్ పాస్‌డ్" దగ్గరికి నేరుగా వెళ్లిపోయేది.

నేను ఆప్షన్లు తీసేసి తెలుగు వాక్యాలిచ్చి ఇంగ్లిష్‌లో రాయమన్నాను. ఆ కాగితంలో మూడు చూపిస్తాను.

"రైలు తప్పితే బస్సుకి వస్తాను." తను రాసింది: "ఇఫ్ ఐ విల్ మిస్ ద ట్రైన్, ఐ విల్ కమ్ బై బస్."

"స్కూటీ ఉంటే రోజూ క్లాసుకి టైముకి వచ్చేదాన్ని." తను రాసింది: "ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ ఎ స్కూటీ, ఐ వుడ్ హ్యావ్ కమ్ టు క్లాస్ ఆన్ టైమ్ ఎవ్రీ డే."

"తుఫాను రాకపోతే మా చెట్లు పడేవి కావు." తను రాసింది: "ఇఫ్ ద సైక్లోన్ డిడ్ నాట్ కమ్, అవర్ ట్రీస్ వుడ్ నాట్ ఫాల్."

మొదటిది అందరూ చేసేదే. నన్ను ఆపింది రెండోది, మూడోది. రెండింట్లోనూ ఫార్ములా అక్షరం పొల్లు పోలేదు. సెకండ్ రావాల్సిన చోట నిఖార్సైన థర్డ్ ఉంది, థర్డ్ రావాల్సిన చోట నిఖార్సైన సెకండ్ ఉంది. ఫార్ములా తెలియని పిల్ల ఇలా రాయలేదు. ఫార్ములా ఎప్పుడు వాడాలో తెలియడం లేదన్నమాట. బిట్ పేపర్‌లో ఆ లోపం దొరకదు. అక్కడ సగం వాక్యం వాళ్లే ఇస్తారు, దానికి జత వెతకడమే మన పని.

అడిగితే తేలింది

స్కూటీ వాక్యానికి థర్డ్ ఎందుకు రాశావమ్మా అని అడిగాను.

"గైడులో థర్డ్ అంటే ఇంపాజిబుల్ కండిషన్ అని ఉంది మాస్టారూ. మా ఇంట్లో ఇప్పుడు స్కూటీ అంటే ఇంపాజిబులే కదా."

మరి తుఫానుకి సెకండ్ ఎందుకు?

"తుఫాను నిజంగానే వచ్చింది కదండీ. జరిగిన దాన్ని ఇంపాజిబుల్ అని ఎలా అంటాం?"

తన తర్కంలో తప్పేమీ లేదు. తప్పు ఆ పేరులో ఉంది. మన గైడ్లలో చాలావాటిలో ఫస్ట్‌కి పాజిబుల్ అనో ప్రాబబుల్ అనో, సెకండ్‌కి ఇమాజినరీ అని, థర్డ్‌కి ఇంపాజిబుల్ అని లేబుల్ వేస్తారు. దాన్ని నమ్ముకున్న పిల్ల ప్రతి వాక్యం ముందూ నిలబడి "ఇది సాధ్యమా, అసాధ్యమా" అని ఆలోచిస్తుంది. థర్డ్‌లో అసాధ్యం అనే మాట కాలానికి సంబంధించింది. గడిచిపోయింది కాబట్టి ఇక మార్చలేం, అంతే. స్కూటీ సంగతి అలా కాదు. ఇప్పుడు లేదు, రేపు కొనుక్కోవచ్చు, కొనలేకపోవచ్చు. మాట్లాడుతున్నది మాత్రం ఇప్పటి గురించి. కాబట్టి "ఇఫ్ ఐ హ్యాడ్ ఎ స్కూటీ, ఐ వుడ్ కమ్ టు క్లాస్ ఆన్ టైమ్" సరిపోతుంది. తన వాక్యంలోది తిత్లీ తుఫాను. అది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. అది ముగిసిన కథ. "ఇఫ్ ద సైక్లోన్ హ్యాడ్ నాట్ కమ్, అవర్ ట్రీస్ వుడ్ నాట్ హ్యావ్ ఫాలెన్."

ఇంతవరకు ఏ మాస్టారైనా చెప్పగలడు. చెబితే పిల్లలు తలూపుతారు కూడా. కానీ ఆ అమ్మాయి మళ్లీ అడిగింది: "తెలుగులో రెండూ ఒకేలా ఉన్నాయి కదా మాస్టారూ, స్కూటీ ఉంటే వచ్చేదాన్ని, తుఫాను రాకపోతే పడేవి కావు. ఇంగ్లిష్‌లో వేరని నాకెలా తెలుస్తుంది?"

అసలు చిక్కు అక్కడే ఉంది. మన "తే" కి కాలం లేదు. "పడితే" అంటే ఎప్పుడు పడితే? నిన్నా, రేపా, రోజూనా? ఆ మాటలో ఏమీ లేదు. "వచ్చి ఉంటే" అంటే గతం అనుకుంటాం గానీ అదీ నమ్మకమైన గుర్తు కాదు. "వాడు ఈపాటికి వచ్చి ఉంటే ఫోన్ చేస్తాడు" అంటే వచ్చాడో లేదో మనకింకా తెలియదు, అవకాశం తెరిచే ఉంది. "వాడు వచ్చి ఉంటే ఫోన్ చేసేవాడు" అంటే రాలేదని అర్థం. మొదటి సగం రెండింట్లో ఒక్కటే. తేడా అంతా చివర్లో ఉంది: చేస్తాడు, చేసేవాడు.

పిల్లలేమో ఇఫ్ భాగం మీదే కళ్లు పెడతారు. పట్టిక అక్కడి నుంచే మొదలవుతుంది కదా.

తోక పట్టుకోవడం

అందుకని ఆ బ్యాచ్‌కి పట్టిక పక్కన పెట్టించి, తెలుగు వాక్యం తోక చూడమన్నాను. తోకలు మూడు.

తోక "వస్తాను, అవుతుంది, పెరుగుతుంది" అని ఉంటే మాట నిజంగా జరిగేదాని గురించే. మన ఊళ్లల్లో "అవుద్ది" అన్నా అదే లెక్క. అప్పుడు ఒక్క ప్రశ్న: ఎప్పుడూ జరిగేదా, ఈసారి జరగబోయేదా? తెలుగుకి ఈ తేడా పట్టదు, "పెరుగుతుంది" అంటే రెండూ అయిపోతాయి. ఇంగ్లిష్‌కి పడుతుంది. వంశధార ఒడిశాలో పుట్టి మన జిల్లాలోకి వస్తుంది. పైన గట్టిగా వానలు పడితే హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీలో నీటిమట్టం పెరుగుతుంది. ఇది ఏటా చూసేదే కాబట్టి జీరో: "ఇఫ్ ఇట్ రెయిన్స్ హెవీలీ ఇన్ ఒడిశా, ద వాటర్ లెవెల్ ఎట్ గొట్టా రైజెస్." ఈ రాత్రి మబ్బు చూసి రేపటి గురించి అంటే ఫస్ట్: "ఇఫ్ ఇట్ రెయిన్స్ హెవీలీ టునైట్, ద వాటర్ లెవెల్ విల్ రైజ్ టుమారో." ఇఫ్ వైపు రెండింట్లోనూ సింపుల్ ప్రెజెంటే.

తోక "వచ్చేదాన్ని, చేసేవాడు, పడేవి కావు" అని ఉంటే మామూలుగా ఆ చెప్పిన మాట నిజం కాదు, అలా జరగలేదు, జరగడం లేదు. ప్రశ్న: ఇప్పటి మాటా, అయిపోయిన మాటా? ఇప్పటిదైతే సెకండ్, అయిపోయినదైతే థర్డ్.

మూడో తోక "వచ్చాను, వెళ్లాను". ఇది ఏ గైడులోనూ కనబడదు గానీ మన పిల్లల కాగితాల్లో బాగా కనబడుతుంది. "అమ్మ ఫోన్ చేస్తే ఇంటికెళ్లాను" అన్న వాక్యానికి సగం బ్యాచ్ "ఇఫ్ మై మదర్ కాల్డ్, ఐ వెంట్ హోమ్" అని రాసింది. తే కనబడగానే ఇఫ్ పెట్టేశారు. ఇక్కడ షరతే లేదు. అమ్మ ఫోన్ చేసింది, పిల్ల వెళ్లింది. "మై మదర్ కాల్డ్, సో ఐ వెంట్ హోమ్" అనాలి, లేదా "వెన్" వాడాలి. తోక ఆ రూపంలో ఉంటే ఇఫ్ జోలికి వెళ్లొద్దని చెప్పాను.

ఇంతలో ఆ అమ్మాయికి ఇంకో అనుమానం. స్కూటీ ఇప్పటి సంగతైతే "హ్యాడ్" ఎందుకు, అది పాస్ట్ కదా? దీనికి మామూలుగా చెప్పే జవాబు "రూల్ అమ్మా, గుర్తుపెట్టుకో" అని. తెలుగులోనే జవాబు ఉంది కాబట్టి బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను.

"చిన్నప్పుడు రోజూ తోటకి వెళ్లేదాన్ని."

"స్కూటీ ఉంటే రోజూ టైముకి వచ్చేదాన్ని."

మొదటిది ఎప్పటి మాట అన్నాను. చిన్నప్పటిది అంది. రెండోది? ఇప్పటిది. మరి "వెళ్లేదాన్ని", "వచ్చేదాన్ని" ఒకే అచ్చులో ఉన్నాయేం? కాసేపు బోర్డునే చూసింది. తర్వాత తనే చెప్పింది, లేనిదాన్ని చెప్పడానికి మనం కూడా పాతకాలం మాటే వాడుతున్నామని. ఇంగ్లిష్ చేసేదీ అదే. నిజం కాని మాట చెప్పేటప్పుడు కాలంలో ఒక మెట్టు వెనక్కి దిగుతుంది. ఇప్పటి సంగతికి సింపుల్ పాస్ట్ మెట్టు, నిన్నటి సంగతికి ఇంకో మెట్టు కింద, పాస్ట్ పర్ఫెక్ట్. తెలుగు చాలాసార్లు ఒక మెట్టుతోనే సరిపెట్టుకుంటుంది. రెండో మెట్టు ఉంది గానీ, ఇందాకటి "వచ్చి ఉంటే" లాంటిది, అది దిగడం తప్పనిసరి కాదు. అందుకే స్కూటీ, తుఫాను ఒకేలా వినబడ్డాయి.

"ఇఫ్ ఐ వర్ యు" లో "వర్" కూడా ఈ మెట్టు ఖాతాలోదే అని చెప్పి ముందుకెళ్లాను. మాటల్లో "వజ్" వినబడుతుంది, పరీక్షలో మాత్రం "వర్" పెట్టాలి. దాని మీద గంట పాఠం అనవసరం.

పద్ధతికి ఎదురుదెబ్బ

కొన్ని రోజులు బాగా నడిచింది. తర్వాత ఇంటి గురించి ఒక పేరా రాయమంటే తను తెలుగులో ముందు ఇలా అనుకుంది: "తాతయ్య ఉన్నప్పుడు వాన పడితే తోటకి వెళ్లేవాళ్లం కాదు." రెండో తోక కాబట్టి, పద్ధతి ప్రకారం నిజం కాని మాట. కాలం గతం. అంటే థర్డ్. "ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్, వుయ్ వుడ్ నాట్ హ్యావ్ గాన్ టు ద గ్రోవ్."

ఈ ఇంగ్లిష్ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, అర్థమే తారుమారైంది. ఆ రోజు వాన పడలేదు, మేం వెళ్లాం అని చెబుతోంది అది. తను చెప్పాలనుకున్నది ఆ ఇంటి అలవాటు. అది నిజంగా జరిగినదే. "వెళ్లేవాళ్లం" అనేది మనకు పాత అలవాటుకీ వస్తుంది, జరగని దానికీ వస్తుంది. తోక ఒక్కటే చూస్తే ఇక్కడ దొరికిపోతాం.

దీనికి ఒక చిన్న పరీక్ష చాలు. "పడితే" తీసేసి "పడినప్పుడల్లా" పెట్టి చూడాలి. అర్థం చెడకపోతే అది అలవాటు. "వాన పడినప్పుడల్లా తోటకి వెళ్లేవాళ్లం కాదు" బాగానే ఉంది. కాబట్టి "ఇఫ్ ఇట్ రెయిన్డ్, వుయ్ డిడ్ నాట్ గో టు ద గ్రోవ్". "వుడ్ నాట్ గో" అన్నా చెల్లుతుంది, అలవాటుకి కూడా "వుడ్" వాడతారు. అదే "తుఫాను వచ్చినప్పుడల్లా" అని తిత్లీ వాక్యంలో పెట్టి చూడండి, అతకదు.

జీరో కండిషనల్‌కి గతంలో ఒక రూపం ఉందని నాలుగు గళ్ల పట్టిక చెప్పదు. టైప్ జీరో, వన్, టూ, త్రీ అనేవి క్లాసులో చెప్పే సౌకర్యం కోసం ఏరుకున్న నాలుగు నమూనాలు. ఇంగ్లిష్‌లో ఇఫ్ వాక్యాలు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. దీన్ని మొదటిరోజే చెబితే పిల్లలకి టెన్షన్, చివరిదాకా చెప్పకపోతే ఇలాంటి చోట ఇరుక్కుంటారు. నా వరకు, వాళ్లే ఒక వాక్యంతో గోడకి తగులుకున్నప్పుడు చెప్పడం మేలనిపిస్తుంది.

అదే పేరాలో మరో వాక్యం ఉంది. అది నేను అడగనిది: "ఇఫ్ తిత్లీ హ్యాడ్ నాట్ కమ్, వుయ్ వుడ్ నాట్ బి ఇన్ డెట్ నౌ." తుఫాను రాకపోతే మాకిప్పుడు అప్పుండేది కాదు. పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకుంది. ఎందుకమ్మా అంటే, "ఇది ఏ టైపులోనూ లేదు మాస్టారూ, తప్పేమో. కానీ తుఫాను అప్పటిది, అప్పు ఇప్పటిది" అంది. కొబ్బరి మొక్క మళ్లీ పెట్టి కాపు చూడాలంటే దేశవాళీ రకానికి 6, 7 ఏళ్లు ఆగాలి. ఆ ఇంట్లో వాళ్లకి ఆ రెండు కాలాలూ వేర్వేరని ఎవరూ నేర్పనక్కర్లేదు. వాక్యం పూర్తిగా కరెక్టు. దాన్ని మిక్స్‌డ్ కండిషనల్ అంటారు. ఏ సగానికి ఆ సగాన్ని కాలం అడిగింది కాబట్టి పేరు తెలియకుండానే రాసేసింది. ప్రశ్నార్థకం కొట్టేసి టిక్ పెట్టాను.

విల్, అన్‌లెస్, ఇంకొన్ని

"ఇఫ్ ఐ విల్ మిస్" సంగతికి వస్తే, దీని వెనక పెద్ద రహస్యం లేదు. జరగబోయేది కాబట్టి రెండు వైపులా విల్ అంటించేస్తారు. ఇఫ్ ఒక్కదానికే రూల్ చెబితే నిలవదు. "వెన్, అంటిల్, యాజ్ సూన్ యాజ్, బిఫోర్" అన్నిటికీ ఇదే వర్తిస్తుందని కలిపి చెబితే కాస్త నిలుస్తుంది. ఎవరో ఒకరు "ఇఫ్ యు విల్ వెయిట్ హియర్, ఐ విల్ కాల్ ద డాక్టర్" అని ఎక్కడో చూశామంటారు. అది సరైన వాక్యమే. అక్కడ విల్ అంటే భవిష్యత్తు కాదు, దయచేసి ఉండగలిగితే అని మర్యాద. పరీక్షలో తప్పు పట్టమన్నప్పుడు మాత్రం ఇఫ్ పక్కన విల్ కనబడితే దాన్నే అనుమానించమంటాను.

"అన్‌లెస్" దగ్గర ఆ అమ్మాయి కూడా అందరిలాగే "అన్‌లెస్ యు డోంట్ స్టడీ, యు విల్ నాట్ పాస్" అని రాసింది. "చదవకపోతే" అన్నదాన్ని మనసులో పెట్టుకుని రాస్తే లేదు అనే భావం రెండుసార్లు పడుతుంది. "చదివితే తప్ప పాసవ్వవు" అని అనుకుని రాయమన్నాను. "చదివితే" లో నెగటివ్ లేదు, ఆ పని "తప్ప" చేస్తోంది. అన్‌లెస్‌కి సరిగ్గా ఇదే కొలత. "అన్‌లెస్ యు స్టడీ, యు విల్ నాట్ పాస్." ఆ రోజు నుంచి తన కాగితాల్లో ఈ తప్పు మళ్లీ చూడలేదు.

"వాన పడినా" కూడా తోకతోనే తేలింది. "వాన పడినా వస్తాను" అంటే "ఈవెన్ ఇఫ్", "వాన పడినా వచ్చాను" అంటే "ఈవెన్ దో". దీన్ని నేను చెప్పకముందే వెనక బెంచీ కుర్రాడొకడు కనిపెట్టాడు.

"హ్యాడ్ ఐ నోన్", "షుడ్ యు నీడ్", "వర్ ఐ" లాంటి తిరగేసిన రూపాలు బ్యాంకు, ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పేపర్లలో అడుగుతుంటారు. ఇఫ్ మింగేసి సహాయక్రియని ముందుకు తెచ్చారని చెబితే ఒక పూటలో అయిపోతుంది.

ఎంతవరకు వచ్చింది

బిట్ పేపర్ మార్కులు పెద్దగా మారలేదు, అవి ముందే బాగున్నాయి. మారింది రాత. బ్యాచ్ ముగిసేటప్పటికి ఆప్షన్లు లేని పేపర్‌లో సెకండ్, థర్డ్ తడబాటు తనకి దాదాపు పోయింది. అనుమానం వచ్చిన చోట కాగితం అంచున తెలుగు తోక రాసుకుని, పక్కన "ఇప్పుడా, అప్పుడా" అని రాసుకునేది. ఎస్‌జీటీ అభ్యర్థి కదా, ఒకరోజు నా బదులు బోర్డు దగ్గర నిలబెట్టాను. తుఫాను వాక్యంతో మొదలుపెట్టి, ఇంపాజిబుల్ అనే మాట ఎత్తకుండా పాఠం నడిపింది.

మాట్లాడేటప్పుడు మాత్రం "ఇఫ్ ఐ విల్" ఇంకా జారుతుంది. తోక చూసి ఆలోచించేంత వ్యవధి మాటలో ఉండదు. దాన్ని నేను మధ్యలో ఆపి దిద్దను, వినేవాడికి అర్థమైపోతుంది. కానీ "ఇఫ్ యు టోల్డ్ మి, ఐ వుడ్ కమ్" అన్నప్పుడు ఆపుతాను. నిన్నటి పెళ్లికి రాలేకపోయినందుకు సంజాయిషీ చెప్పబోయి, చెబితే ఇప్పుడైనా వస్తానన్నట్టు అవుతుంది అది. "ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మి, ఐ వుడ్ హ్యావ్ కమ్" అని మళ్లీ చెప్పిస్తాను. చాలామంది రెండు వైపులా "వుడ్ హ్యావ్" తగిలిస్తారు. అమెరికన్ మాటల్లో అది వినబడుతుంది, మన పరీక్షల్లో తప్పే.

ఈ బ్యాచ్‌లో పట్టిక మొదటి వారం ఇవ్వడం లేదు. తెలుగు వాక్యాల కాగితం ముందు ఇస్తున్నాను, అందులో "అమ్మ ఫోన్ చేస్తే వెళ్లాను", "తాతయ్య ఉన్నప్పుడు వాన పడితే" లాంటివి కావాలనే కలుపుతున్నాను. తర్వాత "ఐ విష్ ఐ హ్యాడ్" మొదలుపెట్టాలి. మెట్టు లెక్క తెలిసినవాళ్లకి అది రెండు రోజుల పని.